అమ్మోనియా గొట్టం కథ

ఈ కథ అక్వేరియం నీళ్లలో అమ్మోనియా కొలిచే గాజు గొట్టానిది. అయిదు మిల్లీలీటర్ల దగ్గర తెల్లగీత, నెత్తిన ప్లాస్టిక్ మూత. గీతదాకా తొట్టి నీళ్లు పోస్తారు, రెండు సీసాల నుంచి ఎనిమిదేసి చుక్కలు వేస్తారు, మూత బిగించి గట్టిగా ఊపి, అయిదు నిమిషాలు ఆగుతారు. పసుపు నిలిస్తే చేపలకు భయం లేదు. ఆకుపచ్చకు తిరిగితే అమ్మోనియా ఉన్నట్టే. పీహెచ్ 7 దగ్గర అందులో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 25 డిగ్రీల వేడిలోనే పీహెచ్ 8కి చేరితే అయిదు పాళ్లు దాటుతుంది.

ఈ గొట్టానికి తరచూ ఎదురుపడేది, అమ్మోనియాను మార్చేస్తుందని అమ్మే బ్యాక్టీరియా సీసా. కొత్త తొట్టిలో పోసిన వెంటనే చేపలు వేసుకోవచ్చని లేబుల్ అంటుంది. కొన్న పిల్లవాడు నమ్ముతాడు. మూడో రోజుకు గొట్టంలో ముదురాకుపచ్చ; చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. దుకాణంలో అడిగితే, "మీ నీళ్లే బాగాలేవు బాబూ" అని ఇంకో సీసా చేతిలో పెడతారు. తప్పు నీళ్లదో సీసాదో తేల్చే మూడో మనిషి లేడు.

ఆ సీసాల్లో చాలాకాలం నైట్రోబాక్టర్ అమ్మారు. అమ్మోనియా మారితే వచ్చే నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అదేనని పుస్తకాలూ రాశాయి. 1998లో తిమోతీ హొవానెక్ బృందం మంచినీటి అక్వేరియం ఫిల్టర్లను జన్యుపద్ధతిలో వెతికితే ఆ పనిలో కనిపించింది నైట్రోస్పైరా. హొవానెక్ అప్పుడు అక్వేరియం కంపెనీ శాస్త్రవేత్తే, తర్వాత బ్యాక్టీరియా అమ్మే సంస్థ తానే పెట్టారు. అయినా పద్ధతంతా పత్రికలో అచ్చువేశారు కాబట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు వేశారు: చాలా మంచినీటి తొట్లలో అమ్మోనియాను మార్చే జీవుల్లో బ్యాక్టీరియా కన్నా ఆర్కియా అనే వేరే సూక్ష్మజీవులదే పైచేయి అని చూపారు.

సీసా సంగతి తేల్చడానికి అంత పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఒకే నీళ్లు, ఒకే వేడి, ఒకే మోతాదు అమ్మోనియా ఉన్న బకెట్లు కొన్ని కావాలి. సగం బకెట్లలో సీసా మందు, మిగతా సగంలో ఏమీ లేదు. రోజూ ఈ గొట్టంతో చూడాలి. మందు వెయ్యని బకెట్ లేకపోతే, తనంతట తాను తగ్గిన అమ్మోనియా కూడా సీసా ఖాతాలోకే పోతుంది.

భీమవరం రొయ్యల రైతు చెరువు నీళ్లు పట్టుకెళ్లి చూపించుకోవడానికి ఆక్వా ల్యాబ్‌లున్నాయి. చేపల మేత నాణ్యత కోసం ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టమే చేసింది. ఇంట్లో గాజు తొట్టి పెట్టుకున్నవాళ్లకు మాత్రం లేబులే దిక్కు. ముత్తుకూరు మత్స్య కళాశాల లాంటి చోట, దుకాణంలో మామూలు ధరకు కొన్న సీసాలను పేరు కప్పి పరీక్షించి, ఏ బ్యాచ్ ఎలా పనిచేసిందో ప్రకటిస్తే ఎన్ని చేపలు బతుకుతాయో!

టెస్ట్ కిట్లనూ వదలకూడదు. చాలాసార్లు మందు చేసిన కంపెనీయే కిట్టూ చేస్తుంది. పైగా గడువు దాటిన చుక్కలు రంగును తప్పుగా చూపించవచ్చు. ముందు ఈ గొట్టంతోనే మొదలుపెట్టవచ్చు: లీటరుకు కచ్చితంగా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా కలిపిన నీళ్లు పోసి, రంగు కార్డుతో సరిపోతుందో లేదో చూడటానికి పావుగంట చాలు.