పొదుపు విమానం

మా ఇంటి ఆర్థిక పరిస్థితిపై ఒక శ్వేతపత్రం విడుదల చేయక తప్పడం లేదు. కారకుడు మా బావమరిది.

వాడు రిమోటుతో బొమ్మ విమానాలు ఎగరేస్తాడు. బొమ్మంటే వాడికి కోపం, మోడల్ అనాలి. రెక్క ఆ కొస నుంచి ఈ కొసకు ఆరడుగులు. మా దివాన్‌కాట్ దాని హ్యాంగరు. మొన్నటిదాకా అది మిథనాల్, నైట్రోమీథేన్, ఆముదం కలిపిన ద్రవం తాగి బతికింది. ఎగిరి దిగితే ఒళ్లంతా ఆముదమే. తుడవడానికి నా లుంగీలు ఆహుతయ్యాయి. అయినా ఓర్చుకున్నాను.

"ఆ ఇంధనం ధర చూశారా బావగారూ? పెట్రోలు ఇంజను పెడితే బోలెడు మిగులు" అన్నాడొకనాడు. మిగులన్న మాట చెవిన పడగానే మా ఆవిడ తమ్ముడి పక్షం చేరింది. ఒకప్పుడు పెట్రోలు ఇంజన్లు భారీ మోడళ్లకేనట. ఇప్పుడు 20 సీసీవి వచ్చి మధ్యతరగతి విమానాల మీద పడ్డాయి. మధ్యతరగతి మీద పడనిదేముంది కనక!

పాత ఇంజనుకు ప్లాటినం తీగ ప్లగ్గు. మొదట బ్యాటరీతో ఎర్రగా కాలిస్తే చాలు, ఆపైన ఇంజను వేడికే వెలుగుతూ ఉండేది. కొత్తదానికి స్పార్కు ప్లగ్గు, రవ్వ పుట్టించే ఇగ్నిషన్ పెట్టె, ఆ పెట్టెకో బ్యాటరీ, బ్యాటరీకో ఛార్జరు. ఇవన్నీ చేరి ముక్కు బరువెక్కితే తోకలో సీసం కట్టాడు. ఎగరాల్సినదానికి బరువు కట్టడం ఏం శాస్త్రమో! పాత సిలికాన్ గొట్టం పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుందట, అదీ మారింది. ఒంటి సిలిండరు వణుకుడికి మరలు ఊడతాయని వాటికి జిగురు. రవ్వ రేడియోను చెడగొట్టకుండా ఇగ్నిషన్‌నూ రిసీవరునూ అలిగిన వియ్యంకుల్లా దూరదూరంగా కూర్చోబెట్టాడు.

కార్బురేటరుది గడ్డి కోసే యంత్రాల వంశం. కడుపులో పల్చటి పొర ఉంటుంది. బంకులో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది తేమ పీలుస్తుంది, నిల్వ ఉంటే ఆ పొర బిరుసెక్కుతుందని ఎగరేసి రాగానే ట్యాంకు ఖాళీ చేస్తాడు. మిగిలింది నా స్కూటర్లో పొయ్యరా అంటే, "లీటరుకు 25 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపాను బావగారూ, మీది ఫోర్-స్ట్రోక్" అన్నాడు. ఆ ఆయిల్ కొలిచింది నా దగ్గు మందు మూతతో.

పాతదానితో పోలిస్తే ఇది సగం కూడా తాగదు, నిజమే. ఆ మిగులుతో పెట్టిన ఖర్చు తీరాలంటే విమానం ఎన్నేళ్లు నేల కూలకుండా ఎగరాలో మాత్రం వాడి లెక్కలో లేదు. బావమరుదులున్న పాఠకులకు మనవి: మీవాడు "పెట్రోలు చవక" అన్నాడంటే, ఛార్జరు ఎవరు కొంటారో ముందే కాగితం మీద రాయించుకోండి.