కొమ్మ జోలికి వెళ్లొద్దు

రాజమండ్రిలో కాపురం, పక్కనే కడియం. ఇంకేం కావాలి? ఆదివారం వస్తే మా పక్కింటి బాబాయిగారు నర్సరీల మీద పడతారు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ ముందు రెండు మొక్కలు, వెనక సీటు మీద మూడు. పిన్నిగారు ఆటోలో వస్తారు.

తెచ్చి నాటడం వరకే ఆయన పని. కత్తిరించడం మహాపాపం. వాళ్ల గేటెక్కడని కొరియర్ కుర్రాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. రాధామనోహరం మా డాబా ఎక్కేసి, కేబుల్ వైరు పట్టుకుని ఎదురింటికి బయల్దేరింది. 2020లో కరోనా కషాయానికని నాటిన తిప్పతీగ ఇప్పుడు మా మోటారుని కావలించుకుంది. ఆ కషాయం ఆయన ఒక్క గుటకా వేయలేదు, మా చేతే తాగించారు.

అన్నిటినీ మించింది మునగ. వానలు మొదలైతే చాలు, దాని మొదలంతా బొంత పురుగులు. గోడ దిగి మా ఇంట్లో ఆరేసిన బట్టల్లోకే వస్తాయి. రాత్రంతా గోక్కుని, తెల్లారి వెళ్లి, "బాబాయిగారూ, మా వైపు కొమ్మొక్కటి కొట్టించండి" అన్నాను. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి కదా, "చెట్టు కొట్టాలంటే పర్మిషనుండాలోయ్. 2002 వాల్టా చట్టం!" అన్నారు.

"చెట్టు కాదండీ, కొమ్మ."

"కొమ్మతోనే మొదలవుతుంది" అని లోపలికెళ్లి, చేతినిండా మునక్కాయలు తెచ్చి పెట్టారు.

ఏ ఫిర్యాదుకైనా ఆయన జవాబదే. ఆకులు కాలవకి అడ్డం పడ్డాయంటే కరివేపాకు, పాము కనిపించిందంటే పనసతొనలు. ఇంట్లో కూరలు నిండుకున్నప్పుడల్లా మా ఆవిడ "వెళ్లి ఆయన్ని ఓ మాట గట్టిగా అడిగి రండి" అంటోంది. రోహిణి కార్తెలో కూడా మా పడగ్గది చల్లగా ఉండేది ఆ చెట్ల నీడవల్లే. ఆ సంగతి ఆయన చెవిన పడకుండా జాగ్రత్తపడుతున్నాం.

మొన్న శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్త వచ్చింది. కొబ్బరి చిప్పల్లో, పాత పెయింటు డబ్బాల్లో కదులుతున్న పురుగుల్ని చూపించి, "వారం పది రోజుల్లో ఇవన్నీ దోమలే, బోర్లించండి" అని గట్టిగానే చెప్పింది. ఆయన బుద్ధిగా విని, "ఆ నీళ్లు వీళ్ల ఏసీవమ్మా" అని నన్ను చూపించారు. నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయి గులాబీ దగ్గర ఆగి, ఓ కొమ్మ ఇస్తారా అంది.

ఇన్నేళ్లుగా కత్తెర తాకని గులాబీ. చటుక్కున విరిచి, పెయింటు డబ్బాలో పెట్టి ఇచ్చారు. నీళ్లతో సహా.