ప్లేలిస్టు అంకుల్

అమెరికాలోని ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో మే నెల నడుస్తోందంటే తెలుగువాళ్ల ఇళ్ల ముందు గడ్డిలో బోర్డులు మొలుస్తాయి. హైస్కూలు ముగించిన పిల్ల ఫొటో, స్కూలు పేరు, పాసైన సంవత్సరం. బోర్డు మొలిచిన వారానికి గ్రాడ్యుయేషన్ పార్టీ అంటూ వాట్సాప్ గ్రూపు పుడుతుంది. గ్రూపు పుట్టిన అరగంటకి అందులో ఒకాయన "సాంగ్స్ సంగతి నాకొదిలేయండి" అని పెడతాడు. ఎవరూ ఆయన్ని అడిగి ఉండరు. పార్టీ ఆయన పిల్లదే కానక్కర్లేదు, ఎవరి పిల్లదైనా సరే. ఆయనే ప్లేలిస్టు అంకుల్.

ఆనవాళ్లు చెబుతాను. తొంభైల చివర్లో ఆంధ్రాలో ఇంజినీరింగు వెలగబెట్టి, వైటూకే పుణ్యమా అని విమానం ఎక్కినవాడు. పగలంతా డేటాబేసులతో గడుపుతాడు కాబట్టి పాటల్నీ ఎక్సెల్ షీటులోనే పెడతాడు. పాట, సినిమా, సంవత్సరం, నిడివి, చివరి గడిలో "ఎవరి కోసం". కథంతా ఆ చివరి గడిలోనే ఉంది. మంత్రివర్గం కూర్చేటప్పుడు ముఖ్యమంత్రికి ఎంత తలనొప్పో ఆ గడి నింపేటప్పుడు ఈయనకీ అంతే. చిరంజీవికి రెండిస్తే బాలకృష్ణకీ రెండివ్వాలి. మహేష్‌బాబుకి ఇచ్చి పవన్ కల్యాణ్‌ని మరిస్తే తెల్లారేసరికి గ్రూపులోంచి ఇద్దరు లెఫ్ట్. మనవరాలి పార్టీ చూసిపోదామని విజయవాడ నుంచి వచ్చిన తాతగారికి ఘంటసాల. భోజనాల వేళకి బాలు ఒక్కడే, ఎందుకంటే బిర్యానీ నోట్లో ఉండగా డ్రమ్ములు మోగకూడదన్నది ఆయన సిద్ధాంతం. పక్కింటి అమెరికన్ దంపతులకి "నాటు నాటు". అది మొదలవగానే వాళ్ల టేబులు దగ్గరికెళ్లి, 2023లో దీనికి ఆస్కార్ వచ్చిందని చెబుతాడు. చెప్పే తీరు చూస్తే ఆ రోజు కీరవాణి, చంద్రబోస్‌ల వెనకే తనూ స్టేజీ ఎక్కాడనిపిస్తుంది.

గ్రాడ్యుయేట్ అయిన పిల్లకీ ఒక వరస ఉంటుంది లెండి, షీటులో కాస్త కిందికి వెళ్తే.

పరిశోధన చెయ్యకుండా ఆయన పాట ముట్టడు. స్కూలు వేడుకలో గౌన్లేసుకున్న పిల్లలు నడిచొచ్చేటప్పుడు వాయించే ఆ బాజా ఉంది చూశారూ, అది ఇంగ్లండుకి చెందిన ఎల్గార్ 1901లో కట్టిన కవాతు బాణీ. 1905లో యేల్ యూనివర్సిటీ ఎల్గార్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చి, సభ ముగిశాక అందరూ బయటికెళ్తుంటే దాన్ని వాయించింది. "వెళ్లేటప్పటి బాజాని వచ్చేటప్పుడు వాయిస్తున్నారండీ వీళ్లు!" అని ఆయన ప్రతి విందులోనూ బాధపడతాడు. వినేవాళ్లు బజ్జీ నములుతూ తలూపుతారు.

కిందటేడు సొంత కూతురి పార్టీకి ఈ పరిశోధనే ఇంట్లో చిచ్చు పెట్టింది. గ్రీన్ డే బృందం 1997లో తెచ్చిన "గుడ్ రిడెన్స్" పెట్టమంది కూతురు. అమెరికాలో వీడ్కోలు సభలకి అది ఆనవాయితీ. అది పాడినాయన తన ప్రియురాలు వదిలి వెళ్లిపోతుంటే రాసుకున్న పాటని మన అంకుల్ ఎక్కడో చదివాడు.

"పిల్ల కాలేజీకెళ్తుంటే ప్రేమ ఫెయిలైన పాటేంటి? ముస్తఫా పెడదాం."

"డాడీ, అది క్రింజ్."

వంటింట్లోంచి వాళ్లావిడ అందుకుంది. "ఆ ప్రేమదేశంలో ఇద్దరు స్నేహితులూ ఒకే పిల్ల కోసం కొట్టుకుంటారు కదండీ?"

"పాటలో కొట్టుకోలేదుగా!"

1996 నాటి ఆ పాటకి ఆ ఇంట్లో అప్పీలు లేదు. "హ్యాపీ డేస్" పెట్టి రాజీ పడదామన్నారెవరో. 2007 అంటే మరీ కొత్తదన్నాడాయన.

పాపం, ఆయనకున్న అసలు కష్టం ఇంకెవరికీ ఉండదు. ఇంగ్లిషు పాటల్లో బూతులు పెద్దవాళ్లకి తెలియవు, హాయిగా తాళం వేస్తారు. మన ఐటెం సాంగుల్లో బూతులు అక్కడ పుట్టిన పిల్లలకి తెలియవు, హాయిగా గెంతుతారు. రెండూ తెలిసినవాడు హాలు మొత్తానికి ఆయనొక్కడు. ర్యాప్ మొదలవగానే పిల్లల ముఖాలు చూడలేక ఇటు తిరుగుతాడు, ఇటు ఐటెం సాంగు రాగానే అత్తగారి ముఖం చూడలేక అటు తిరుగుతాడు. ఇంగ్లిషు వాటికి క్లీన్ వెర్షన్ దొరుకుతుంది. తెలుగు వాటికి క్లీన్ వెర్షన్ అంటే ఆయన వేలే. ఫలానా మాట వచ్చే క్షణానికి సౌండు తగ్గించి, దాటగానే పెంచుతాడు. ఒక్కోసారి వేలు ఆలస్యమై, ఆ ముక్క ఒక్కటే హాలంతా ఖంగుమంటుంది.

స్లైడ్‌షో దగ్గర ఆయన లెక్కల మనిషి అవుతాడు. పుట్టిన నాటి నుంచి 240 ఫొటోలు, ఒక్కోటి 5 సెకన్లు, వెరసి 20 నిమిషాలు. అంటే అయిదేసి నిమిషాల పాటలు నాలుగు. ఫొటోలు తగ్గించవచ్చు కదా అని అడిగితే, "ఏ ఫొటో తీసేయమంటారు?" అని తిరిగి అడుగుతాడు. ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

కూతురి పార్టీనాడు స్లైడ్‌షో బారసాల దాటి బడిలో చేరే ఫొటో దాకా వచ్చింది. ఆవిడ కళ్లొత్తుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఇండియా నుంచి ఫోను. కంగారులో ఎర్రది నొక్కబోయి పచ్చది నొక్కాడు. స్పీకర్లన్నీ ఒక్క గొంతుతో, "ఒరే తమ్ముడూ, పాస్‌బుక్కు ఇంకా రాలేదురా, ఆ వీఆర్వో తిప్పుతున్నాడు" అన్నాయి. తెర మీద అయిదేళ్ల పిల్ల బ్యాగు తగిలించుకుని నవ్వుతోంది. హాల్లో సగంమందికి ఊళ్లో పొలాలున్నాయి కాబట్టి ఎవరూ నవ్వలేదు.

కేకు కోశాక "అంకుల్, వన్ సాంగ్" అంటూ ఇద్దరు కుర్రాళ్లు ఫోను లాక్కున్నారు. ఆ ఒక్క పాట అరగంట నడిచింది. ఆయన అల్యూమినియం ట్రేల పక్కన నిలబడి, "బీటుంది సరే, చరణమేదీ?" అని దొరికినవాళ్లనల్లా అడిగాడు.

అలా దొరికినవాళ్లలో ఒకతను మొహమాటంగా, "అన్నా, వచ్చే శనివారం మావాడిది. సాంగ్స్ కొంచెం చూస్తావా?" అన్నాడు.

అంకుల్ ముఖం వెలిగింది. చేతిలో ప్లేటు పక్కన పెట్టి అడిగాడు:

"తప్పకుండా. ఇంజినీరింగులో నీది ఏ బ్యాచ్?"