మేడపెట్టె పద్యానికి జైనూరు టీక

అవతారిక

కొలచల మల్లినాథసూరి మెతుకు సీమవాడు, కొల్చారం ఆయన ఊరు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుల కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఈ టీకాకారుడు అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ఈ టీక నాలుగు పంక్తులతో అయిపోయేది.

మూలం ఒక ఆటవెలది. కర్త ఎవరో తెలియదు. టీకాకారుడే అయి ఉంటాడని గిట్టనివాళ్ళు అంటారు. విషయం చెప్పాలంటే, సముద్ర విహారానికి పోయే పెద్ద ఓడల్లో నాటకశాలలు ఉంటాయి, కొన్నింటిలో కలిగినవారు తలుపేసుకుని కూర్చునే బాక్సులు ఉంటాయి, వాటిని ముందే పట్టిపెట్టుకోవాలి. టీక పుట్టిన చోటు జైనూరు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, ఉట్నూరుకూ ఆసిఫాబాదుకూ నడుమ, కొండల్లో ఉంది. సముద్రం మాట దేవుడెరుగు, ఊరికి రైలు కూడా లేదు. శిష్యుడొకడు మొదటిరోజే లేచి, "సారూ, సముద్రమే సూడలేదు, గా ఓడల పెట్టె ముచ్చట మనకెందుకు?" అన్నాడు. స్వర్గాన్ని వర్ణించిన కవుల్లో ఎంతమంది అక్కడికి పోయొచ్చి రాశారో చెప్పమని అడిగితే కూర్చున్నాడు.

మూలము

ఓడలోన బొమ్మ యాడుచుండఁగ మేడ
పెట్టె ముందె చెప్పి పట్టవలయు
వేళ మించి వచ్చు వెనుకటివారికి
తలుపు మూయుఁ గుర్చి తరలిపోవు

ప్రతిపదార్థము

ఓడలోన = కునార్డ్ కంపెనీవారి క్వీన్ విక్టోరియా వంటి విహారనౌకయందు; బొమ్మ = నాటకము, పాట, నాట్యము, గారడీ, రంగస్థలం మీద కదిలేది ఏదైనా; ఆడుచుండఁగ = నడుచుచుండగా; మేడపెట్టె = పై అంతస్తులో పక్కగోడకు అంటుకుని, మూడు వైపులా మూసి, ముందువైపు మాత్రమే తెరిచి ఉండే చిన్నగది; ముందె చెప్పి = ఓడ ఎక్కగానే పేరు రాయించి; పట్టవలయు = దక్కించుకోవలెను; వేళ మించి వచ్చు = తెర లేచాక తాపీగా వచ్చునట్టి; వెనుకటివారికి = (దీనికి వేరే వివరణ కలదు); తలుపు మూయుఁ = తలుపు మూసుకొనును; కుర్చి తరలిపోవు = ఆసనము అన్యుల పాలగును.

విశేషాంశములు

"వేళ మించి వచ్చు" అని చెప్పాక మళ్ళీ "వెనుకటివారు" దేనికి, ఇది పునరుక్తి దోషం కాదా అంటారేమో. కాదు. క్వీన్ విక్టోరియాలో రెండువేల పైచిలుకు ప్రయాణికులు పడతారు. అందులోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో పట్టేది సుమారు 830 మంది. అందరినీ ఒక్కసారి కూర్చోబెట్టే వీలు లేదు కాబట్టి రాత్రి భోజనం రెండు బంతులు, ఆట కూడా రెండుసార్లు. తొలి బంతిలో తిన్నవారికి ఒక ఆట, మలి బంతివారికి ఇంకొకటి. కనుక వెనుకటివారు అంటే మలి బంతివారు. వేళ మించి వచ్చే మలి బంతివారికి మూడో ఆట లేదని కవి హృదయం. పెళ్ళిలో మలి బంతికి పప్పైనా మిగులుతుంది. ఓడలో అదీ లేదు.

"కుర్చి తరలిపోవు" అన్నచోట మన వ్యాకరణ పండితులు గొడవ పడతారు. కుర్చీకి నాలుగు కాళ్ళున్నా నడిచే శక్తి లేదు. అందువల్ల ఇక్కడ లక్షణావృత్తి, కుర్చీ మీది హక్కు తరలిపోతుందని చెప్పుకోవాలి. ఇది అర్థం కావాలంటే ఉట్నూరు బస్సు దగ్గర నిలబడి చూస్తే చాలు. బస్సు ఇంకా ఆగనే ఆగదు, కిటికీలోంచి దస్తీ లోపల పడుతుంది. దస్తీ పడిన సీటు దస్తీ వాడిది. వాడు ఎక్కేలోపు ఇంకొకడు కూర్చుంటే పంచాయితీ. దస్తీ తీసి పక్కన పెట్టినవాడిదే తప్పని పెద్దమనుషులు తీర్పు చెబుతారు. ఓడలో రిజిస్టర్‌లో పేరు రాయించడం కూడా దస్తీ వేయడమే. తేడా ఒక్కటే. దస్తీకి పైసా ఖర్చు లేదు, పెట్టెకు రుసుము ఉంది. పెద్ద ఆటలున్న రాత్రుల్లో రుసుము కట్టినవారికి షాంపేన్, చాక్లెట్లు ఇస్తారు. మామూలు రాత్రుల్లో ఎవరూ పట్టని పెట్టెలో ముందొచ్చినవాడు ఊరికే కూర్చోవచ్చు. ఈ చివరి సంగతి మూలంలో లేదు, కానీ మొత్తం టీకలో పాఠకుడికి డబ్బు మిగిల్చే వాక్యం ఇదొక్కటే.

షాంపేన్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న కథ. 2007 డిసెంబరు 10న ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులో క్వీన్ విక్టోరియాకు నామకరణం జరిగింది. ఇప్పటి బ్రిటన్ రాణి కమిలా అప్పట్లో కార్న్‌వాల్ డచెస్, ఆమే పేరు పెట్టింది. మనం కొబ్బరికాయ కొట్టే చోట వాళ్ళు షాంపేన్ సీసా కొడతారు. ఆ రోజు సీసా ఓడకు తగిలింది గానీ పగల్లేదు. శకునం చూసేవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఓడ మాత్రం మర్నాడే తొలి ప్రయాణానికి కదిలింది. ఆ రోజు కారని షాంపేన్‌ను మేడపెట్టెల్లో గ్లాసు గ్లాసుగా తీరుస్తున్నారని ఈ టీకాకారుడి ఊహ.

మేడపెట్టె

ఈ పద్యానికి ప్రాణం ఈ పదంలో ఉంది. నాటకశాలలో ధనికుల పెట్టె ఓడ మీద పుట్టలేదు. 1637లో వెనిస్ నగరంలో శాన్ కాసియానో నాటకశాలను జనానికి తెరిచారు. డబ్బిచ్చినవాడెవడైనా లోపలికి వచ్చి సంగీతనాటకం చూడగలిగిన తొలి శాల అది. అంతస్తుల వారీగా గోడ చుట్టూ పెట్టెలు కట్టి, గొప్ప కుటుంబాలకు ఏడాదికింతని అద్దెకు ఇచ్చారు. టిక్కెట్ల కంటే ఆ అద్దెలే గట్టి రాబడి. ఆ పెట్టెల్లో తిన్నారు, తాగారు, జూదం ఆడారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడారు, మధ్యలో తీరిక దొరికితే నాటకం చూశారు.

పెట్టెలు ఎలా అమర్చారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గుర్రపు లాడం ఆకారంలో వంగిన గోడకు వరుసగా ఉంటాయి. ఎదురెదురు పెట్టెలవారికి ఒకరికొకరు చక్కగా కనిపిస్తారు. రంగస్థలం మాత్రం పక్కకు తిరిగితేనే కనిపిస్తుంది. రంగస్థలానికి మరీ దగ్గరి పెట్టెలో కూర్చున్నవాడికి తనవైపు మూల అసలే కనబడదు. నాయిక ఆ మూలకు పోయి ఏడిస్తే వాడికి ఏడుపు మాత్రమే వినిపిస్తుంది. నాటకాన్ని నిండుగా చూడాలనుకునేవాడు కింద, నడి వరుసల్లో, రంగస్థలానికి ఎదురుగా కూర్చోవాలి. ఆ చోటికి పెట్టె రుసుము లేదు.

ఓడకు వచ్చేసరికి ఇంకో చిక్కుంది. క్వీన్ విక్టోరియా నాటకశాల ముక్కువైపు ఉంటుంది. నీటి మీద ఓడ నడుము కంటే ముక్కు ఎక్కువ లేచి పడుతుంది. అడుగు కంటే పై అంతస్తు ఎక్కువ ఊగుతుంది. ముక్కు దగ్గర, పై అంతస్తులో, పక్కగోడకు అంటుకున్న పెట్టెలో షాంపేన్ తాగి కూర్చున్నవాడి గతి ఏమిటో ఇక టీక చెప్పనక్కరలేదు. కెరటాలు గట్టిగా ఉన్న రాత్రి గాల్లో పల్టీలు కొట్టే ఆటలను ఓడవాళ్ళే మానుకుంటారు. పెట్టెలోవాడు మాత్రం రుసుము కట్టాడు కనుక కదలడు.

"మరి గంత డబ్బు దేనికి పెడుతున్నరు సారూ?" అని శిష్యుడు. నాయనా, తలుపుకు. తన వెనక తలుపు మూసుకోవడానికి, ఆ తలుపు వెనక తానున్నట్టు కింద కూర్చున్నవారికి తెలియడానికి.

పూర్వపక్షము

ఇలా పెట్టెలు కట్టడం అన్యాయమని గొడవ చేసినవారు ఉన్నారు. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాల 1808లో కాలిపోయింది. మళ్ళీ కట్టి 1809 సెప్టెంబరు 18న తెరిచారు. కట్టడానికైన ఖర్చు రాబట్టాలని మేనేజరు జాన్ కెంబుల్ టిక్కెట్ల రేట్లు పెంచాడు. ఒక అంతస్తంతా తలుపుల పెట్టెలుగా మార్చి గొప్పింటివారికి ఇచ్చాడు. తొలిరోజే జనం పాత రేట్లు కావాలని అరవడం మొదలుపెట్టారు. గంటలు, గిలక్కాయలు, బూరలు తెచ్చారు. రంగస్థలానికి వీపు తిప్పి నిలబడ్డారు. బెంచీల మీద తొక్కుతూ చిందేశారు. ఈ గొడవ 67 రాత్రులు సాగింది. చివరికి కెంబుల్ క్షమాపణ చెప్పుకున్నాడు, కింది తరగతికి పాత రేటు వచ్చింది, పెట్టెలు తగ్గాయి. నాటకం కోసం గొడవచేసి, ఆ నాటకాన్నే 67 రాత్రులు ఎవరినీ విననివ్వని జనం వాళ్ళు. ఈ టీకాకారుడికి వాళ్ళంటే గౌరవమే.

మన సినిమా హాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ, బాక్సు ఉన్నన్నాళ్ళూ ఇలాంటి తిరుగుబాటు జరగలేదు. కారణం సులువు. ఈలలు, చిల్లర డబ్బులు, చింపిన కాగితాలు నేల వాళ్ళవి. హీరో తెర మీదికి వచ్చినప్పుడు హాలు వాళ్ళదే. బాక్సులోవాళ్ళు ఆ సందడిని పైనుంచి చూసి తామూ సినిమా చూశామనుకున్నారు.

సిద్ధాంతము

ఇక మా ఊరి సంగతి. దీపావళి ముందు ఈ కొండల్లో గోండుల దండారి పండుగ, నాట్యమాడే జట్లు ఊరి నుంచి ఊరికి అతిథులుగా పోతాయి. నెమలి ఈకల టోపీలు పెట్టి, ఒంటికి బూడిద రాసుకుని, గుసాడీలనే నర్తకులు గుమేల అనే వాద్యం మోతకు ఆడతారు. జైనూరు మండలంలోని మార్లవాయి కనకరాజు ఈ నాట్యానికి గురువు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దీపావళి దగ్గరపడిన రోజుల్లో, కన్నుమూశాడు. అదే మార్లవాయిలో 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ కాపురం ఉండి గోండుల జీవితాన్ని రాశారు. వాళ్ళ సమాధులూ అక్కడే ఉన్నాయి.

దండారిలో పెట్టె పట్టడం కుదరదు, మర్యాద కోసం కాదు, లెక్క ప్రకారమే కుదరదు. ఆడేవాళ్ళకు వెనకగోడ లేదు, ముందువైపంటూ లేదు. చుట్టూ తిరుగుతారు. ఈ క్షణంలో మీకు ఎదురుగా ఉన్నవాడు మరుక్షణం వీపు చూపిస్తాడు. అటువైపు కూర్చున్న ముసలవ్వకు ఇప్పుడు దక్కింది మీకు తరవాత దక్కుతుంది. పక్కచూపు అందరికీ సమానంగా పంచబడుతుంది. మంచి చోటు ఏదంటే ఏ వేళకు అని అడగాలి. గుసాడీ నేరుగా వచ్చి ఎదుట నిలబడితే మంచం మీది పెద్దమనిషికైనా, నేల మీది పిల్లవాడికైనా దస్తీ అడ్డం పెట్టే వీలు లేదు.

తాత్పర్యము

ఓడలో ఆట చూడాలనుకునేవారు నడి వరుసల్లో ముందుగా వచ్చి కూర్చోవలెను. తాము కనబడాలనుకునేవారు మేడపెట్టె పట్టవలెను. రెండూ కావాలనుకునేవారు మామూలు రాత్రి చూసుకుని, ఖాళీ పెట్టెలో ఊరికే కూర్చుని, ఆటకు మధ్యలో కిందికి దిగవలెను.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారికి పెట్టె దొరుకుతుందని పూచీ లేదు. ఓడ దొరుకుతుందనీ లేదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి చెన్నైకి కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ నడిచింది, అందులోనూ నాటకశాల ఉంది కాబట్టి తెలుగువారికి ఆశ వదులుకోవలసిన పని మాత్రం లేదు. ఈలోగా దండారి చూడాలనిపిస్తే దీపావళికి వారం ముందు ఇటు రండి. టిక్కెట్టు లేదు, పేరు రాయించే పని లేదు. గుసాడీలు దీక్షలో ఉంటారు కనుక ఫోన్ పైకెత్తే ముందు ఊరి పటేలును ఒక మాట అడగండి. కాదంటే జేబులో పెట్టుకుని చూడండి.