శునకదత్త వచనము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: విజయనగరమున వీధి కుక్కపిల్లలను తెచ్చి, నయము చేసి, నాలుగు మంచి అలవాట్లు నేర్పి, ఒక ఇంటివానిని చేయు అప్ప ఒకామె కలదు. శ్రీకాకుళము నుండి దత్తతకై వచ్చిన బాబుతో గుమ్మమున నిలిచి ఆమె పలికిన వచనమిది. ఊపిరి తిప్పుకొనకుండ చెప్పుటచే యతిస్థానము తెలియరాదు. గిడుగువారు పుట్టిన సీమ గనుక భాషను దిద్దు సాహసము చేయలేదు.

మూలము:
“ఈడికి సూదులన్నీ ఏయించీసినాను బాబూ. కూకో అంటే కూకుంటాడు. టపాకాయలకి జడిసి మంచం కిందకి దూరిపోతాడు, లాగకండి. ఉల్లిపాయ పులుసన్నం పెట్టకండి. గొలుసేసి కట్టీసి ఊరెల్లిపోకండి. నచ్చకపోతే రోడ్డు మీద ఒగ్గీకండి, నాకే ఇచ్చీండి.”

ప్రతిపదార్థము:

ఈడికి = వీనికి. వ్యాకరణమున శునకము అమహత్తు, ‘అది’ అనవలెను. వైయాకరణులు తప్పుపట్టవచ్చును, అప్ప వినదు.

సూదులన్నీ = ఆరు నుండి ఎనిమిది వారాల వయసున మొదలుపెట్టి, కొన్ని వారాల ఎడముతో మరల వేయించు పార్వో, డిస్టెంపర్ టీకాలును, మూడు నెలలు నిండిన పిదప రేబిస్ టీకాయును. ‘అన్నీ’ అనగా ఇప్పటివరకు అని గ్రహింపవలెను. రేబిస్ టీకా ఏటేట వేయింపవలసినదే గనుక కార్డు అడిగి పుచ్చుకొనునది.

కూకో అంటే = కూర్చుండుమన్నచో. ఇందలి ప్రక్రియ: ఉడికిన కోడి కార్జము గోరంత ముక్కను కుక్క ముక్కునకు చూపి, నుదుటి మీదుగా మెల్లగా వెనుకకు జరుపవలెను. తల పైకి లేచుకొలది నడుము క్రిందికి దిగును. పిర్రలు నేల తాకిన క్షణముననే ‘భేష్’ అని ముక్క నోటికందింపవలెను. ఆలస్యమైనచో అది ఈలోగా లేచి నిలుచును. లేచినందుకే ముక్క దొరికినదనుకొనును. వీపు నొక్కి కూర్చుండబెట్టుట ఈ శాస్త్రమున నిషిద్ధము.

టపాకాయలకి జడిసి = బాణసంచా మోతకు బెదరి. విజయదశమి తరువాతి మంగళవారము సిరిమాను సంబరము, ఆ వెనుకనే దీపావళి. ఆ రోజులలో అప్ప ఏ కుక్కనూ కొత్త ఇంటికి పంపదు.

లాగకండి = మంచము క్రింద ఉండనిండు. కిటికీలు మూసి టీవీ చప్పుడు పెంచినచో చాలును. లాగినవాని చేతికి పళ్లు దిగుట భయఫలమేగాని దుర్గుణము కాదు.

ఉల్లిపాయ పులుసన్నం = మనకు కమ్మనిది, కుక్క ఎర్ర రక్తకణాలకు చేటు. ఉడికించినను ఆ చేటు పోదు.

గొలుసేసి కట్టీసి = పొట్టి గొలుసుతో గంటలకొలది బంధించి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము 11వ సెక్షన్ దీనిని నేరమనును. అప్ప సెక్షన్ చెప్పలేదు; చూపుతో సరిపెట్టినది.

రోడ్డు మీద ఒగ్గీకండి = వీధిపాలు చేయకుడు. ‘వీధిలో పుట్టినదేగదా, వీధిలో బ్రతుకదా?’ అందురేమో. కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసిన వీధికుక్కను పట్టినచోటనే విడువవలెనని 2023 నాటి నిబంధనలు చెప్పుట, అది ఎరిగిన పేట గనుక. ఇంట పెరిగి పరాయి పేటన పడినదానిని అక్కడి కుక్కలే బ్రతుకనీయవు. దత్తత పోయిన కుక్క మరల వీధికి రాకుండ చూచుట తీసుకొన్నవారి బాధ్యతయని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడ చెప్పినది.

నాకే ఇచ్చీండి = ధ్వని ప్రధానము. భారత కథారంభముననే, కొడుకును కొట్టినందుకు సరమ అను దేవశునకి జనమేజయుని ఎదుట నిలిచి అడిగినది. అప్పయు శ్రీకాకుళము బస్సెక్కి రాగలదని భావము.

ఆక్షేపము: ఇంత సాకి పరులకిచ్చుటేల? తానే ఉంచుకొనరాదా?

సమాధానము: ఉంచుకొన్నచో మరియొక పిల్లకు చోటు లేదు. కావున ఆమె శిక్షణయంతయు తాను లేకున్నను చెల్లునట్లు సాగును. ‘కూకో’ యని పాలబ్బాయి చేతను, పొరుగింటి పిల్లల చేతను అనిపించును. ఆమె గొంతుకే కూర్చుండు కుక్కకు చదువు సగమే వచ్చినట్లు. రోజూ గదిలో ఒంటిగా విడిచి, ఏడుపు మొదలుకాక మునుపే తిరిగివచ్చి, ఆ ఎడబాటును కొద్దికొద్దిగా పెంచును.

తాత్పర్యము: ఓ బాబూ! ఈ ఆరు వాక్యములలో మొదటిది నేను చేసినది, రెండవది వాడు చేయునది. తక్కిన నాలుగును నీవు చేయరానివి. వానికి నేర్పుట అయినది; ఇక పాఠము నీకు.

ఫలశ్రుతి: దీనిని కంఠస్థము చేసినవారికి కుక్క దక్కును. చేయనివారికి అప్ప టీ ఇచ్చి పంపును.