గాలికి గడి లేదు

మామిడి కాయ ముదిరే వేళకు కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపురం తోటల మీద గాలివాన విరుచుకుపడి పోవడానికి పావుగంట చాలు. ఏం పోయిందో తేల్చడానికి మాత్రం రెవెన్యూ శాఖ, ఉద్యాన శాఖ కలిసి ఉమ్మడి సర్వే చెయ్యాలి. యలహంకలోని రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం పంచాయతీకో వానమాపకం పెట్టింది. చుక్క రాలితే బెంగళూరుకు కబురు అందుతుంది. కాయ రాలితే జీపు కదలాలి.

జీపు వచ్చేలోగా రైతు తెలుసుకోవలసింది ఒకటుంది. ఉత్త గాలి విపత్తు కాదు. విపత్తు సహాయ నిధికి కేంద్ర ప్రభుత్వం గుర్తించినవి పన్నెండే: తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, మంచుచరియలు, కుంభవృష్టి, చీడపీడలు, చలిగాలులు. కోలారు మీదికి రేపు సునామీ వస్తే దిగులు లేదు, నిబంధన ఉంది. మంచుచరియలు విరిగిపడినా ఫరవాలేదు. అదే గాలి బంగాళాఖాతంలో పుట్టి, నామకరణం చేయించుకుని వస్తే సర్కారు గౌరవిస్తుంది. ఊరి చెరువు వెనకనుంచి సుడి తిరుగుతూ లేచిన అనామకపు గాలికి మాత్రం పట్టికలో గడి లేదు. రాష్ట్రం దాన్ని స్థానిక విపత్తుగా ప్రకటించుకుంటే నిధిలో పదో వంతు దాకా వాడుకోవచ్చు. అందాకా గాలితోపాటు నాలుగు వడగళ్లు కూడా పడ్డాయని చెప్పుకోవడమే తెలివి. చిక్కేమిటంటే సర్వే వచ్చేసరికి అవి కరిగిపోతాయి. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాడు అదృష్టవంతుడు.

ఆ గండం గడిస్తే 33 శాతం పరీక్ష. 2015 దాకా సగం పంట పోతేగాని రైతును నష్టపోయినవాడి కింద జమకట్టేవారు కాదు. ఆ ఏడాది దయతలచి 33కి దించారు. 32 శాతం పోయినవాడికి ఏమీ పోనట్టే. ఈ శాతాన్ని తోటలో ఎలా కొలుస్తారో చూడాలి.

"ఎంత పోయిందయ్యా?"

"సగం పైనే సార్."

"సగమంటే ఎట్లా? చెట్లన్నీ నిలబడే ఉన్నాయి గదా!"

చెట్లు నిలబడే ఉన్నాయి, నిజమే. కొమ్మకు రాసుకుని, తొక్క గీరుకుపోయి, సొన కారి నల్లబడిన బేనిషాలు కూడా కొమ్మనే పట్టుకుని ఉన్నాయి. వారం తర్వాత మండీలో సాహుకారు ఆ కాయను రెండు వేళ్లతో తిప్పి చూసి, మాట్లాడకుండా పక్క కుప్పలో పడేస్తాడు. సర్వే కాగితంలో మాత్రం అది నిక్షేపంలాంటి కాయ.

ఇలాంటి కొలతల్లో అమెరికావాళ్లూ తక్కువ తినలేదు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో దగ్గర నాలుగు కిలోమీటర్ల వెడల్పున టోర్నడో లేచింది. రాడార్లు గంటకు 480 కిలోమీటర్ల పైచిలుకు వేగం పట్టాయి. కాని వాళ్ల కొలబద్ద గాలిని చూడదు, కూలిన గోడల్ని చూస్తుంది. టోర్నడో తిరిగింది చాలావరకు పొలాల్లో, అక్కడ గోడలేవి? అయిదు దాకా ఉన్న కొలబద్దలో మూడు మార్కులిచ్చి సరిపెట్టారు.

మనవాళ్ల పరీక్ష నెగ్గితే బహుమానం కూడా ఉంది. 2022లో సవరించిన కేంద్ర రేటు ప్రకారం మామిడి, ద్రాక్షలాంటి తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్లకు మించకుండా. అంటే ఎకరానికి తొమ్మిది వేల చిల్లర. రాష్ట్రం అప్పుడప్పుడు తనవంతు కొంత కలుపుతుంది, కాదనను. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు రాతి స్తంభాలు పాతి, తీగలు లాగి ద్రాక్ష పందిళ్లు వేస్తారు. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న బెంగళూరు బ్లూ పండేది ఆ చుట్టుపక్కలే. పందిరి మొత్తం నేలకూలినా పరిహారం పంటకే. స్తంభాలకూ తీగలకూ అయిన ఖర్చు అడిగితే, అవి పంట కావు గదా అంటారు. వాటికి కాయలు కాయవు, అదీ నిజమే.

ఇన్నీ దాటి డబ్బు మంజూరైందనుకుందాం. అది పహణీలో, అంటే భూమి రికార్డులో, పేరున్నవాడి ఖాతాలో పడుతుంది. పూత మీదే తోట గుత్తకు తీసుకుని, అప్పు తెచ్చి మందులు కొట్టి, రాత్రుళ్లు టార్చిలైటుతో కాపలా కాసినవాడి పేరు పహణీలో ఉండదు. పేరున్నాయన బెంగళూరు జయనగర్‌లో ఉంటాడు. ఫోనుకొచ్చిన మెసేజి చదువుకుని, "ఏమేవ్, మన తోటలో గాలివాన గానీ వచ్చిందా?" అని వంటింట్లోకి కేకేస్తాడు.