వేలం సిద్ధాంతులకు ధరావతు కట్టించండి

ఉగాది ఎప్పుడో చైత్రంలో గానీ రాదు. జంషెడ్‌పూర్ భాలుబాసాలో మాత్రం కొత్త పంచాంగం నవంబరుకే సిద్ధమైపోతుంది. తాతలు, ముత్తాతలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి టాటా కంపెనీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఇంటికో సిద్ధాంతి ఉన్నాడు. తిథి, వార, నక్షత్రాలతో అతనికి పని లేదు. ఏ కుర్రాణ్ణి ఏ ఐపీఎల్ జట్టు కొంటుంది, ఎన్ని కోట్లకు కొంటుంది, అదొక్కటే అతని శాస్త్రం.

"రాసి పెట్టుకో బావా, ఈ కుర్రోడు చెన్నైకే. ఐదు కోట్లకి పైసా తగ్గదు" అంటాడు టీ గ్లాసు పుచ్చుకుని. రాసి పెట్టుకున్నవాడు వేలం మర్నాడు కాగితం పట్టుకుని వెతికితే, సిద్ధాంతి బి షిఫ్టుకి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ మర్నాడు సి షిఫ్టు. వారం గడిచాక కనపడి, "నేను చెన్నై అన్నది పోయినేడు సంగతి కదా" అంటాడు.

భాలుబాసా సిద్ధాంతిని అని లాభం లేదు. అతను కనీసం ఉచితంగా చెబుతాడు. టీవీలో కోటూ టై కట్టుకున్న సిద్ధాంతులు కూర్చుని, తలో జట్టూ పంచుకుని, లేని డబ్బుతో లేని వేలం ఆడి, దానికి మాక్ ఆక్షన్ అని పేరు పెట్టి, మధ్యలో సిమెంటు ప్రకటనలు వేసుకుని సంపాదిస్తారు. ఒకడు కుర్రాడికి పది కోట్లు పాడతాడు. ఇంకొకడు పన్నెండు అంటాడు. ఇద్దరి జేబులోంచీ పైసా కదలదు. ఇంత సుఖమైన పాట ఊళ్ళో చేపల చెరువు వేలంలో కూడా చూడం.

ఈ విద్యకి ఒక చిన్న పరీక్ష పెడదాం. 2024 నవంబరులో జెడ్డాలో పెద్ద వేలం జరిగింది. పేరు నమోదు చేసుకున్నవాళ్ళు 1,574 మంది. అమ్ముడుపోయినవాళ్ళు 182 మంది. ఇప్పుడు గుడి మెట్ల దగ్గర పంజరం పెట్టుకుని కూర్చునే చిలక జోస్యం ఆయన్ని పిలుద్దాం. పెట్టెలోని కాగితాలన్నిటి మీదా ఒకే మాట రాయిద్దాం: "అమ్ముడుపోడు." చిలక ఎవరి పేరుకి ఏ కాగితం లాగినా అదే మాట వస్తుంది. ఆ చిలక జోస్యం నూటికి ఎనభై ఎనిమిది మంది విషయంలో నిజమవుతుంది. దానికి క్రికెట్ తెలీదు. కోటు లేదు, 'విశ్వసనీయ వర్గాలు' లేవు. తినేది రెండు జామపండు ముక్కలు. వేలం పండితుడెవరైనా సరే, తన లెక్క కాగితం మీద పెట్టి ఈ చిలకతో పోటీకి వస్తే చూడాలని ఉంది. రాడు. ఎందుకంటే అతను లెక్క పెట్టడు. తప్పిన తొంభై మర్చిపోయి, తగిలిన మూడింటికి ఫ్రేము కట్టించుకుంటాడు.

ఈ ఊరి కుర్రాళ్ళ కథే తీసుకోండి. దానికి ముందు ఒక ఢిల్లీ కుర్రాడి సంగతి. 2008 తొలి ఐపీఎల్‌లో అండర్-19 కుర్రాళ్ళని వేలం వెయ్యలేదు. జట్లు వంతులవారీగా ఎంచుకున్నాయి, డ్రాఫ్ట్ పద్ధతిలో. మలేషియాలో ప్రపంచ కప్పు గెలిచి అప్పుడే దిగిన కెప్టెన్ విరాట్ కోహ్లీ ఢిల్లీ కుర్రాడు. ఢిల్లీ వంతు వచ్చింది. ఢిల్లీ వాళ్ళు ప్రదీప్ సంగ్వాన్‌ని తీసుకున్నారు. వాళ్ళ తర్కం వాళ్ళకుంది. బ్యాటర్లు బోలెడుమంది ఉన్నారు, ఎడమచేతి పేస్ బౌలర్ కావాలి. కోహ్లీ బెంగళూరుకి వెళ్ళాడు. సొంత ఊరి జట్టే, సొంత మైదానంలో పెరిగిన పిల్లాణ్ణి, ఎదురుగా పెట్టుకుని వదిలేసింది. ఇక వెయ్యి కిలోమీటర్ల దూరంలో టీ తాగేవాడికి ఏం తెలుస్తుంది?

అదే ప్రపంచ కప్పు జట్టులో మన జంషెడ్‌పూర్ సౌరభ్ తివారీ కూడా ఉన్నాడు. ముంబై తీసుకుంది. భుజాల దాకా జుట్టు, ఝార్ఖండ్ చిరునామా, బంతిని దూరంగా పంపే చెయ్యి. సిద్ధాంతులకి ఇంతకంటే ఏం కావాలి? 'ఎడమచేతి ధోనీ' అని జాతకం రాసేశారు. 2010 సీజన్‌లో అతను 419 పరుగులు చేశాడు. 2011 జనవరి వేలంలో బెంగళూరు అతనికి 16 లక్షల డాలర్లు పెట్టింది. అదే బెంగళూరు తనతో అట్టిపెట్టుకున్న ఏకైక ఆటగాడు కోహ్లీ, అతని ఖరీదు 18 లక్షల డాలర్లు. అంటే 2011 సంక్రాంతి నాటికి బజారు దృష్టిలో కోహ్లీకీ మన కుర్రాడికీ మధ్య తేడా రెండు లక్షల డాలర్లు! బజారు మాటని పట్టుకుని ఆ రోజు భాలుబాసాలో ఎన్ని పందేలు కట్టుకున్నారో నాకు తెలీదు గానీ, కట్టుకున్నవాళ్ళు ఇవాళ వాటి ఊసెత్తరు. తివారీని తక్కువ చేసే మాట కాదిది. ఫస్ట్ క్లాస్‌లో ఎనిమిది వేల పరుగులు దాటి, 2024లో గౌరవంగా బ్యాటు దించాడు. ఓడింది అతను కాదు, అతని మెడలో వేరేవాడి పేరు రాసి కట్టిన పలక.

తర్వాత విరాట్ సింగ్. ఇతనూ ఈ ఊరివాడే. 2019 డిసెంబరు వేలంలో మన సన్‌రైజర్స్ హైదరాబాద్ కోటీ తొంభై లక్షలు పెట్టి కొన్నది. ఆ రోజు భాలుబాసా తెలుగువాళ్ళ ఆనందం చూడాల్సిందే. ఊరేమో మనది, జట్టేమో మనది, పేరు చూస్తే ఏకంగా విరాట్. మూడు గ్రహాలూ ఒకే ఇంట్లో పడ్డాయి. 2020 సీజనంతా అతను బెంచీ మీదే కూర్చున్నాడు. మరుసటి ఏడాది ఆడింది గుప్పెడు మ్యాచ్‌లు. జాతకంలో బెంచీ అనే పదమే లేదు మరి.

2023 డిసెంబరులో దుబాయ్ వేలం. ఇద్దరు ఝార్ఖండ్ వికెట్ కీపర్లు. కుమార్ కుశాగ్రకి ఢిల్లీ 7.2 కోట్లు, రాబిన్ మింజ్‌కి గుజరాత్ 3.6 కోట్లు. రాంచీ విమానాశ్రయంలో భద్రతా ఉద్యోగి అయిన మింజ్ తండ్రి చుట్టూ కెమెరాలు మూగాయి. కొద్ది నెలలకే మింజ్ బైకు ప్రమాదంలో దెబ్బలు తగిలి సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. మళ్ళీ వేలం వచ్చేసరికి కుశాగ్ర గుజరాత్‌కి, మింజ్ ముంబైకి వెళ్ళారు. ఖరీదు ఇద్దరికీ ఒకటే, 65 లక్షలు. ఉగాది పంచాంగంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు పక్కపక్కనే వేస్తారు. మంచి పద్ధతి. వేలం పంచాంగంలో ఆదాయం, రాజపూజ్యం తప్ప మిగతా రెండు గడులూ చింపేశారు.

అసలు జోస్యం తప్పడానికి కారణం పండితుల తెలివితక్కువతనం ఒక్కటే కాదు. వేలం అనేది అలాగే అల్లుకుని ఉంటుంది. నాలుగో పేరుకి పక్క జట్టు రెండు కోట్లు ఎక్కువ పెడితే, నలభయ్యో పేరుకి వాళ్ళ సంచిలో డబ్బుండదు. ఆ కుర్రాడి కోసం కాచుకున్న ఇంకో జట్టుకి అతను సగం ధరకే దొరుకుతాడు. మొదటి ముడి తప్పితే వలంతా తప్పుతుంది. పైగా పాట పాడేవాడికే తానేం పాడుతున్నాడో తెలియని సందర్భాలున్నాయి. అదే దుబాయ్‌లో పంజాబ్ వాళ్ళు శశాంక్ సింగ్ పేరుకి చెయ్యెత్తి, సుత్తి పడ్డాక తడబడ్డారు. మర్నాడు వివరణ ఇచ్చారు: ఆ పేరుతో జాబితాలో ఇద్దరున్నారు, మేం కోరుకున్నది ఇతన్నే అని. ఇరవై లక్షల ఆ శశాంకే 2024లో పంజాబ్‌ని భుజాన మోశాడు. కొన్నవాళ్ళే తికమకపడ్డ కొనుగోలుని ముందే ఊహించానని చెప్పేవాడికి నేను పాదాభివందనం చేస్తాను, సాక్ష్యం తెస్తే.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. సిద్ధాంతుల మాట నెగ్గిన రోజులూ ఉన్నాయి. 2017 జూలైలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ ముంబైలో జరిగింది. కొత్తగా పుట్టిన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీకి మొదటి ఎంపిక దక్కింది. తీసుకున్నది డిఫెండర్ అనస్ ఎడతొడికని, 1.10 కోట్లకి. "చెప్పేనా లేదా?" అని సాక్చీ దాకా వినపడింది. ఆ డ్రాఫ్ట్‌లో ధరలు ముందే నిర్ణయించి పట్టీ ఇచ్చారు. పట్టీలో అన్నిటికంటే పై ధర ఉన్నవాళ్ళు ఇద్దరే, అందులో అనస్ ఒకడు. మెనూ కార్డులో ఖరీదైన వంటకం చూసి, పక్క బల్ల పెద్దమనిషి అదే తెప్పిస్తాడని చెప్పడం కూడా జోస్యమే అయితే, ఇదీ జోస్యమే. ఏడాది తిరగ్గానే అనస్ కేరళకి వెళ్ళిపోయాడు. అది ఎవరూ చెప్పలేదు.

ఈ జబ్బు మనదొక్కటే అనుకుని బాధపడకండి. ఆస్ట్రేలియాలో కోడిగుడ్డు ఆకారపు బంతితో, జట్టుకి 18 మందితో ఆడే ఫుట్‌బాల్ ఉంది. అక్కడ 1986 నుంచి డ్రాఫ్ట్ నడుస్తోంది. పోయినేడు అట్టడుగున నిలిచిన జట్టుకి ముందు ఎంపిక. పద్దెనిమిదేళ్ళ పిల్లల పేర్లు వరుసగా వేసి, ఫలానావాడు మూడో ఎంపిక, ఫలానావాడు పదకొండు అని జోస్యం చెప్పడం అక్కడ పెద్ద పరిశ్రమ. 1990లో జేమ్స్ హర్డ్‌ని ఎసెండన్ క్లబ్బు 79వ ఎంపికగా తీసుకుంది. ఆరేళ్ళకి ఆ ఆటలో అత్యున్నతమైన బ్రౌన్‌లో పతకం పంచుకున్నాడు. 2004లో నాలుగో ఎంపికతో రిచ్‌మండ్ వాళ్ళు రిచర్డ్ టాంబ్లింగ్‌ని తీసుకుని లాన్స్ ఫ్రాంక్లిన్‌ని వదిలారు. ఐదో ఎంపికతో హాథార్న్ అతన్ని పట్టుకుపోయింది. ఫ్రాంక్లిన్ తర్వాత వెయ్యి గోల్స్ దాటాడు.

అయితే అక్కడ గురి తప్పని జోస్యం ఒకటుంది. తండ్రి ఒక క్లబ్బుకి వంద మ్యాచ్‌లు ఆడి ఉంటే, కొడుకుని తీసుకోవడంలో ఆ క్లబ్బుకి ప్రత్యేక హక్కు. పీటర్ డేకస్ కాలింగ్‌వుడ్‌కి ఆడాడు, కొడుకు నిక్ డేకస్ 2021లో కాలింగ్‌వుడ్‌కే వచ్చాడు. ఈ సూత్రం అర్థం కావడానికి తెలుగువాడికి ఆస్ట్రేలియా వెళ్ళాల్సిన పని లేదు. సినిమా పోస్టరు చూస్తే చాలు.

మనవాళ్ళలో ఇంకో శాఖ ఉంది, గతాన్ని ముందే చెప్పే శాఖ. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2022 డిసెంబరులో సన్‌రైజర్స్ కనీస ధర ఇరవై లక్షలకి తీసుకుంటే భాలుబాసాలో టీ కూడా చల్లారలేదు. 2024 డిసెంబరులో అతను మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు. పైన చెప్పిన ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌కి పెద్ద కోవెల ఆ మైదానమే. ఆ సాయంత్రం మా వీధిలో ప్రతి ఒక్కడూ రెండేళ్ళ కిందటే చెప్పినవాడు. "మన వైపు కుర్రోడు బావా, ఆడి ఆట నాకు తెల్దేటి?" రెండేళ్ళ కిందట ఆ పేరు అడిగితే "ఏ నితీశు, బిహారు నితీశా?" అన్న మనిషే ఇతను.

వినోదమే కదా, పోనిద్దూ అంటారు కొందరు మంచివాళ్ళు. ఇరవై ఏళ్ళ పిల్లాడింట్లో ఇది వినోదం కాదు. టీవీలో కొడుక్కి నాలుగు కోట్లు పలికిందని విన్న చుట్టాలు ముందే వచ్చి కూర్చుంటారు. చెల్లెలి పెళ్ళి సంబంధాల లెక్కలు మారిపోతాయి. అప్పు ఇచ్చినవాడు నవ్వుతూ పలకరిస్తాడు. వేలంలో ఆ పేరు చదివి, రెండు క్షణాలు ఆగి, ఎవరూ చెయ్యెత్తక తర్వాతి పేరుకి వెళ్ళిపోతే, ఆ ఇంట్లో కూర్చున్న నలభై మందికీ ఎవరు టీ పెట్టాలి? ఆ నాలుగు కోట్లూ పలికించిన పెద్దమనిషి అప్పటికి ఇంకో కుర్రాడి మీద ఆరు కోట్లు పాడుతూ ఉంటాడు.

అందుకని నాదొక ప్రతిపాదన. ఎన్నికల్లో నిలబడేవాడు ధరావతు కడతాడు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది గల్లంతు. లోక్‌సభకి పాతిక వేలు, శాసనసభకి పదివేలు. వేలం సిద్ధాంతికీ ఇదే నియమం పెట్టాలి. టీవీ సిద్ధాంతికి లోక్‌సభ రేటు, టీ కొట్టు సిద్ధాంతికి వార్డు మెంబరు రేటు. జోస్యం ముందే రాసి, సంతకం పెట్టి, లక్కముద్ర వేసి ఇవ్వాలి. జట్టు పేరు ఒక్కటే రాయాలి. 'చెన్నై లేదా ముంబై, కుదరకపోతే కోల్‌కతా' అని రాసినవి చెల్లని ఓట్లు. ఆరింట ఒకటి నిజం కాకపోతే డబ్బు పిల్లల ఆటకి పోతుంది. మొదటి ఏడాదికే అగ్రికో మైదానం చుట్టూ ఫ్లడ్‌లైట్లు పడతాయి, రెండో ఏడాదికి గ్యాలరీ లేస్తుంది.

ఈ పథకం మా సిద్ధాంతికి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మంచి ఆలోచన అన్నాడు. ఇలాంటిది వస్తుందని తనకి ముందే తెలుసన్నాడు. టీ డబ్బులు నా చేత ఇప్పించి, లేచి చెప్పులు తొడుక్కుంటూ ఒకే ఒక్క సందేహం అడిగాడు.

"ధరావతు వేలం అయ్యాక కడితే చాలదేటి బావా?"